నడుము బిగువు – తొడ మంట

విద్యార్థి సోదర సోదరీమణులకు, కళాశాల కమిటీ పెద్దలకు ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో 'తొడ' అనే మాట పలుమార్లు వస్తుంది. ఆ మాట అచ్చులో కనబడగానే నొసలు చిట్లించేవారు మనలో లేకపోలేదు. అయినను వ్రాయక తప్పదు. ఎందుకనగా, ఆ మాటను నోట పలుకలేక, పలికినా ఎవరికి చెప్పుకోవలెనో తెలియక, చెప్పుకొన్నా తమకు అర్థమయ్యే భాషలో జవాబు దొరకక, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో అనేకులు, వారిలోనూ స్త్రీలు, ఒక చిన్న బాధను పెద్ద జబ్బుగా మోస్తూ తిరుగుతున్నారు. ఈ బాధ ప్రాణం తీయదు. కాని దాని పేరిట జరిగే వైద్యం మాత్రం సంసారాన్ని అప్పుల పాలు చేయగలదు. నా అభిప్రాయంలో ఇది వైద్యుల సమస్య ఎంతయో, చదువుకున్న వారి సమస్య కూడ అంతే.

బాధ యొక్క స్వరూపం ఇది. తొడకు బయటివైపున, తుంటికి కొంత దిగువ నుండి మోకాలికి పైవరకు, సుమారు అరచేతి వెడల్పున ఒక మేర ఉంటుంది. ఆ మేరలో నిప్పు రాసినట్టు మంట, చీమలు ప్రాకినట్టు జిలజిల, ఒక్కొక్కప్పుడు సూదులు గ్రుచ్చినట్టు పోటు. కొన్నాళ్లకు అక్కడి చర్మం మొద్దుబారి, గోటితో గీరినా తనది కాదన్నట్టు ఉంటుంది. విచిత్రమేమనగా, మొద్దుబారిన ఆ చర్మమే లుంగీ అంచు తగిలినా, చీర కుచ్చెళ్లు రాసుకొన్నా చురుక్కుమంటుంది. చాలసేపు నిలబడినా, దూరం నడిచినా బాధ హెచ్చుతుంది. కూర్చుంటే చాలమందికి తగ్గుతుంది. మోకాలు దాటి పిక్కలోనికి గాని, పాదంలోనికి గాని దిగదు. కాలి బలం ఏమాత్రం తగ్గదు. ఈ చివరి రెండు లక్షణాలను పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవలెనని కోరుతున్నాను. నడుములోని డిస్కు జారడం వలన వచ్చే నొప్పికీ, దీనికీ భేదం ముఖ్యంగా అక్కడనే ఉన్నది.

ఇంతకూ కారణమేమి? నడుము వెన్నుపూసలలో రెండవ, మూడవ పూసల వద్ద నుండి ఒక సన్నని నరం బయలుదేరుతుంది. పొత్తికడుపు వెనుకగా వచ్చి, తుంటి ఎముక ముందువైపున చేతికి తగిలే మొన ఉన్నది గదా, ఆ మొన ప్రక్కగా, అక్కడి నుండి గజ్జవైపు బిగించిన త్రాడువలె సాగే నారకట్టు క్రింద దూరి, తొడ చర్మంలోనికి దిగుతుంది. ఈ నరం ఏ కండరాన్నీ కదిలించదు. చర్మం మీది స్పర్శను మెదడుకు చేరవేయడమే దాని ఉద్యోగం. కనుకనే అది ఎంత నలిగినా కాలు బలహీనపడదు, స్పర్శ మాత్రమే చెడుతుంది. ఆ ఇరుకు సందులో నరం నలిగినప్పుడు, నలిగింది నడుము దగ్గరనైనా, మెదడు మాత్రం ఆ బాధ తొడలో ఉన్నదనే అనుకొంటుంది. వీధి చివర తీగ తెగితే ఇంటిలో దీపం ఆరినట్టు. ఇంటిలోని దీపాన్ని ఎంత తుడిచినా ప్రయోజనమేమి? తొడకు ఎన్ని తైలాలు మర్దించినా ఫలితమూ అంతే.

కొందరిలో ఈ నరం పుట్టుకతోనే కొంచెం వేరు దారిన పోతుంది. నారకట్టును చీల్చుకొని పోవచ్చును, తుంటి ఎముక అంచు మీదుగా పోవచ్చును. అందుచేతనే ఒకే విధంగా దుస్తులు ధరించే పదిమందిలో ఒకరికి బాధ వచ్చి తక్కినవారికి రాకపోవడం జరుగుతుంది. "అందరూ కట్టుకొంటున్నారు, నీకొక్కదానికేనా వచ్చింది?" అని కోడలిని గద్దించే అత్తలు ఈ సంగతి గమనించవలెను.

ఈ జబ్బును జర్మన్ వైద్యుడు మార్టిన్ బెర్న్‌హార్ట్, రష్యన్ వైద్యుడు వ్లాదిమిర్ రోట్ 1895లో వివరించారు. గ్రీకు భాషలో తొడకు, నొప్పికి ఉన్న పదాలను జోడించి రోట్ దీనికి మెరాల్జియా అని పేరుపెట్టాడు. నేటి వైద్యులు మెరాల్జియా పారస్థెటికా అంటారు. అదే సంవత్సరం వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ తన తొడలోనే ఈ బాధ ఉన్నదని గమనించి, దానిపై ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. మనస్సు లోతులను శోధించిన ఆ మహాశయుడే ఈ మంట తన మనస్సులో పుట్టినదని అనుకోలేదు, నరానిదేనని గుర్తించాడు. మన పల్లెలలో మాత్రం తొడ మండుతున్నదని చెప్పిన స్త్రీకి 'గాలి సోకింది' అనో, 'అంతా నీ మనసులోనే ఉన్నది' అనో తీర్పు చెప్పేవారికి కొదువ లేదు.

ఇక మన ప్రాంతం మాటకు వద్దాం. ఈ మూడు పట్టణాలలోనూ, వాటి చుట్టుప్రక్కల పల్లెలలోనూ మనుషుల మతాలు వేరు, భాషలు వేరు. కాని నడుము దగ్గర అందరమూ ఒక్కటే. చీర క్రింది లంగాకు బొందు, షల్వారుకు ఇజార్‌బంద్, పంచెకు మొలత్రాడు, ప్యాంటుకు బెల్టు. అన్నీ తుంటి ఎముక మొనల మీదనే వచ్చి కూర్చుంటాయి. సన్నని నూలుత్రాడు వెడల్పు పట్టీకన్న ఎక్కువ హాని చేస్తుంది. ఒకే బలాన్ని సన్నని గీత మీద మోపితే ఒత్తిడి హెచ్చుతుందన్నది మన భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. బొందు కట్టిన చోట నల్లని చార పడని నడుము మన అమ్మలలో ఎందరికి ఉన్నది? ఆ చార కేవలం మచ్చ అని తీసివేయరాదు. ధోవతి కట్టిన చోట చర్మపు క్యాన్సర్ రావడాన్ని 1945లోనే ఖానోల్కర్, సూర్యాబాయి అనే భారతీయ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. లంగా బొందు ఒరిపిడి వలన దీర్ఘకాలం మానని పుండు పడి, క్యాన్సర్‌గా మారిన ఇద్దరు భారతీయ స్త్రీల వృత్తాంతం 2024లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. అది అరుదైన సంగతి, భయపడవలసిన పని లేదు. కాని నడుము త్రాడు పట్టించుకోదగిన వస్తువు కాదని ఇకపై ఎవరూ అనరాదు.

గద్వాల పేరు చెప్పగానే అందరికీ చీర జ్ఞప్తికి వస్తుంది. నూలు ఒడలికి పట్టు అంచును కూర్చే ఆ నేతకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నేతగానికి తొడ కీలు వంగి ఉంటుంది గనుక ఈ నరం సడలే ఉంటుంది. అతనికి మంట ఉంటే మగ్గం దిగి బజారుకు నడిచినప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. కాని పొట్ట పెరిగి, నడుముకు పంచె బిగించి, ముందుకు వంగి కూర్చుంటే కూర్చున్నా ఒత్తిడి తప్పదు. నాకు ఇంతకన్న ఆందోళన కలిగించేది చేలలోని స్త్రీలు. గద్వాల ప్రాంతం పత్తి విత్తనోత్పత్తికి పేరుపడినది. ప్రొద్దుటి నుండి మొక్కల నడుమ నిలబడి, ఒక్కొక్క పూవునూ చేతితో సంకరం చేసే పని అది. తరువాత పత్తి తీత వస్తుంది. నడుముకు ఒడి కట్టుకొని, తీసిన పత్తిని అందులో నింపుకొంటూ సాలు వెంట సాలు నడవవలెను. ఒడి నిండేకొలది బరువు క్రిందికి లాగుతుంది, ముడి నడుములోనికి దిగుతుంది. జారకుండా మళ్లీ బిగిస్తారు. నరానికి హాని చేసే మూడు కారణాలు, అనగా బిగువు, బరువు, గంటల తరబడి నిలుచుండడం, ఒక్కచోటనే కూడినవి. ఒడిని భుజం మీదుగా వేలాడే సంచిగా మార్చితే నడుము బ్రతుకుతుంది. దీనికి కావలసింది ఒక గజం గుడ్డ, రెండు పట్టీలు.

గర్భిణులకు కడుపు పెరిగి ఆ నారకట్టు సాగినప్పుడు ఈ మంట రావచ్చును. కాన్పు తరువాత సాధారణంగా దానంతట అదే పోతుంది. బరువైన బెల్టు ధరించే పోలీసులకు, నడుముకు పనిముట్లు కట్టుకొనే కార్మికులకు వస్తుంది. ఇప్పటి యువకుల బిగుతు జీన్సు ప్యాంట్ల సంగతి నేను వేరుగా చెప్పనక్కరలేదు, వారి అమ్మలు రోజూ చెబుతూనే ఉన్నారు. ఇక మధుమేహం. అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ఒక జిల్లా ప్రజల వైద్య రికార్డులను పరిశీలించి 2011లో ప్రకటించిన లెక్కలో, ఈ జబ్బు ఏటా లక్ష మందిలో సుమారు 33 మందికి కొత్తగా వస్తుండగా, మధుమేహం ఉన్నవారిలో దానికి ఏడు రెట్లు ఎక్కువగా కనబడింది. నెదర్లాండ్స్‌లో సాధారణ వైద్యుల వద్ద తీసిన లెక్కలో ఏటా పదివేల మందిలో నలుగురికి పైగా తేలారు. కనుక ఇది ఎక్కడో వింత జబ్బు కాదు, ఒక పెద్ద పల్లెలో ఏటా ఒకరో ఇద్దరో కొత్తగా పడే జబ్బు.

అటువంటి మనిషి ఏమి చేస్తాడు? మొదట తైలం రాస్తాడు. జిందా తిలిస్మాత్ రాస్తాడు, రాసినంతసేపు హాయిగా ఉంటుంది. అది తప్పు కాదు. తగ్గకపోతే 'వాతం' అని ఎవరో చెబుతారు. కొన్నిచోట్ల ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెడతారు. స్పర్శ లేని చర్మం మీద వేడి ఇటుకతో కాపడం పెట్టి బొబ్బలు తెచ్చుకొంటారు. ఆపైన 'నరాల బలహీనత' అనే మహామంత్రం వస్తుంది. ఆ మంత్రం క్రింద వారానికొక విటమిన్ సూది. శరీరంలో ఆ విటమిన్ లోపం ఉంటే సూది మేలు చేస్తుంది. లోపం లేనివాని నడుము బొందును ఏ విటమిన్ కూడ సడలించలేదు. చివరకు నడుముకు ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. నడివయస్సు దాటినవారి వెన్నులో బాధ లేకున్నా అరిగిన డిస్కు ఒకటి బొమ్మలో కనబడడం సర్వసాధారణం. కనబడిన ఆ డిస్కే దోషి అని నిశ్చయమవుతుంది. ఇంత జరిగినా, ఆ మనిషి నడుము కట్టు ఎంత బిగువుగా ఉన్నదని అడిగినవారు ఒక్కరూ ఉండరు.

ఎందుకు అడగరు? దీనికి నేను చెప్పే జవాబు కొందరికి రుచించకపోవచ్చును. రోగి మాట వైద్యునికి అర్థం కావడం లేదు, వైద్యుని మాట రోగికి అర్థం కావడం లేదు. మన పల్లె స్త్రీ 'తిమ్మిరి' అన్నప్పుడు ఒక అర్థం, 'మొద్దు' అన్నప్పుడు ఒక అర్థం, 'మంట' అన్నప్పుడు ఒక అర్థం, 'గుంజుతున్నది' అన్నప్పుడు మరొక అర్థం. గుంజుడు పిరుదు నుండి పిక్క దాక దిగితే అది వెన్నులోని నరం సంగతి కావచ్చును. మంట తొడ ప్రక్కనే నిలిచిపోతే మనం చెప్పుకొంటున్న సంగతి. ఉర్దూ మాట్లాడే తల్లి 'జలన్' అంటుంది, 'ఝున్‌ఝునీ' అంటుంది, 'సున్ హోగయా' అంటుంది. మూడూ వేరు వేరు సాక్ష్యాలు. ఈ మాటలన్నీ రోగి చీటీ మీదికి ఎక్కేసరికి 'కాలు నొప్పి' అనే ఒకే ముక్కగా మారిపోతున్నాయి. సాక్ష్యం చెరిపివేసి తీర్పు చెప్పినట్టు ఉన్నది ఈ పద్ధతి.

యూనానీ వైద్యంలో కాలి నొప్పికి 'ఇర్ఖున్నసా' అనే పేరున్నది. తుంటి నుండి పాదం దాక పోయే 'నసా' అనే నరం పేరున వచ్చిన మాట అది. దానిని 'నిసా' అని చదివి, అది స్త్రీల జబ్బు అని భ్రమపడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క అచ్చు మారితే పురుషులకు రోగమే లేకుండా పోయింది! ఆయుర్వేదంలో దానినే గృధ్రసి అంటారు. ఈ రెండు పేర్లూ కాలి వెనుక భాగాన దిగే నొప్పికి చెందినవి. తొడ ప్రక్క మంటను ఆ ఖాతాలో జమకట్టరాదు.

మాతృభాషలో వైద్యం సాధ్యమా అని సందేహించేవారికి మన హైదరాబాదు చరిత్రయే సమాధానం. 1846లో హైదరాబాదులో స్థాపితమైన వైద్య పాఠశాలలో తొలి బోధన ఉర్దూలో జరిగింది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు ఒక అనువాద శాఖయే ఏర్పడి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. వైద్యం కూడ ఆ భాషలోనే బోధించారు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఆ కాలంలోనూ ఈ జిల్లాలోని తెలుగు రైతుకు తన భాషలో వైద్యం దొరకలేదన్నది కూడ నిజమే, దాన్ని దాచనక్కరలేదు. నేను పాఠ్యపుస్తకాలు మార్చమనడం లేదు. రోగి ముందు కూర్చున్నప్పుడు రోగి భాష రావలెనని మాత్రమే అంటున్నాను. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఈ మూడు జిల్లాలు వేరుపడినవి. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ఇది మన ప్రాంతానికి కలిగిన మహాభాగ్యం. దూర ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ చదివే వైద్య విద్యార్థికి 'తిమ్మిరి'కీ 'గుంజుడు'కీ భేదం ఎవరు నేర్పవలెను? రెండు భాషలు తెలిసిన మన కళాశాల విద్యార్థులకన్న తగినవారెవరు?

చికిత్స గురించి చెప్పవలసినది కొద్దియే. మొదటి మందు సడలించడం. బొందును వెడల్పు పట్టీగా మార్చి, ముడిని తుంటి మొనకు దూరంగా వేసుకోవలెను. బెల్టు ఒక రంధ్రం వదలవలెను. జేబులోని బరువు తీసివేయవలెను. ఎక్కువసేపు నిలబడవలసిన పని ఉన్నప్పుడు ఒక పాదం చిన్న పీట మీద మార్చి మార్చి పెట్టుకొంటే నరం సడలుతుంది. శరీరం బరువు ఎక్కువైతే తగ్గించుకోవలెను. ఇది చెప్పినంత సులభం కాదని నాకూ తెలుసు. నాలుగైదు వారాలు ఓపిక పట్టవలెను. నలిగిన నరం ఒక్కరోజులో కోలుకోదు. అవసరమైతే వైద్యుడు సాధారణ నొప్పి మాత్రలో, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి నరపు నొప్పి మందులో వ్రాస్తాడు. ఇవి మగత కలిగిస్తాయి గనుక మందుల దుకాణంలో స్వయంగా కొని మ్రింగరాదు. పదిమందిలో ఇంచుమించు తొమ్మిదిమందికి ఇంతతోనే నయమవుతుంది. తగ్గనివారికి నరం దూరే చోట మత్తుమందుతో పాటు స్టిరాయిడ్ సూది వేస్తారు. సూది వేయగానే మంట ఆగితే జబ్బు ఇదేనని రుజువు కూడ అవుతుంది. ఎంతకూ తగ్గని కొద్దిమందికి శస్త్రచికిత్స ఉన్నది. నరాన్ని విడిపించడం ఒక పద్ధతి, కోసివేయడం మరొకటి. కోసివేస్తే మంట పోతుంది, మొద్దు శాశ్వతంగా నిలిచిపోతుంది.

జబ్బును గుర్తించడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. రోగిని మంచి ప్రక్కకు పడుకోబెట్టి, బాధ ఉన్న వైపు తుంటిని వైద్యుడు అరచేతితో ముప్పావు నిమిషం పాటు క్రిందికి అదిమి ఉంచితే, నారకట్టు సడలి మంట తగ్గుతుంది. అరచేయి, గడియారం చాలు. లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు ఎం.ఆర్.ఐ. అవసరం లేదు. రక్తంలో చక్కెర పరీక్ష మాత్రం తప్పక చేయించవలెను.

అయితే ఒక హెచ్చరిక చేయకుంటే ఈ వ్యాసం మేలుకన్న కీడే చేస్తుంది. తొడ మీది ప్రతి మొద్దు మచ్చనూ బొందు మీదికి నెట్టరాదు. చర్మం రంగు పాలిపోయి, స్పర్శ లేని మచ్చగా కనబడితే అది కుష్ఠువు కావచ్చును. దానిని దాచుకోవడం కన్న పెద్ద తప్పు లేదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఒక శతాబ్దం క్రిందటనే కుష్ఠు రోగులకు ఆసుపత్రి వెలసిన ప్రాంతం మనది. నేడు ఆ జబ్బుకు బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా దొరుకుతుంది, పూర్తిగా నయమవుతుంది. ఇక కాలు బలహీనపడినా, నొప్పి మోకాలు దాటినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, జ్వరం గాని, కారణం లేని బరువు తగ్గుదల గాని తోడైనా, బొందు సడలించి ఇంట కూర్చోరాదు. ఆలస్యం లేకుండా వైద్యుని చూడవలెను.

"ప్రాణం మీదికి రాని జబ్బుకు ఇంత ప్రసంగమా?" అని కొందరు ఆక్షేపించవచ్చును. మలేరియా ఉన్నది, క్షయ ఉన్నది, నీళ్ల ఎద్దడి ఉన్నది, నిజమే. కాని పెద్ద జబ్బులకు ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, గోడల మీద ప్రకటనలు ఉన్నాయి. చిన్న జబ్బుకు దిక్కు ఎవరు? కూలి మానుకొని, వడ్డీకి డబ్బు తెచ్చి, బస్సెక్కి హైదరాబాదుకు పోయి, నడుము బొమ్మ తీయించుకొని వచ్చిన స్త్రీకి అది చిన్న జబ్బు కాదు. ఒక గజం గుడ్డతో తీరే బాధకు ఆమె ఒక పంట కాలపు కూలి చెల్లించింది.

కమిటీ పెద్దలను నేను కోరేవి కొన్ని మాత్రమే. కళాశాల యూనిఫారంలో బెల్టు తప్పనిసరి అనే నియమం ఎక్కడైనా ఉంటే దానిని ఐచ్ఛికం చేయవలెను. విద్యార్థినుల షల్వారుకు సన్నని త్రాడు బదులు వెడల్పు పట్టీ కుట్టించమని దర్జీలకు చెప్పవలెను. జాతీయ సేవా పథకం విద్యార్థులు పల్లెలలో శిబిరం వేసినప్పుడు, రోడ్లు ఊడ్చడంతో పాటు, పత్తి తీసే స్త్రీలకు భుజం సంచి ఒకటి కుట్టి చూపవలెను. నొప్పిని చెప్పే మాటలు తెలుగులోను ఉర్దూలోను ఎదురెదురుగా అచ్చువేసిన ఒక్క కాగితం తయారుచేసి, మూడు వైద్య కళాశాలలకు అందజేయవలెను. దాని పని తెలుగు, ఉర్దూ అధ్యాపకులు కలిసి కూర్చుంటే ఒక వారంలో పూర్తికాగలదు. మన సోదరీమణులలో ఒక్కరైనా మహిళా వైద్యురాలి ప్రక్కన నిలబడి, పల్లె నుండి వచ్చిన తల్లి మాటను ఉన్నదున్నట్టు అందించడానికి ముందుకు వస్తే, ఆ కాగితం అచ్చుకు పంపేముందు అందులో చేర్చవలసిన మాటలు ఇంకా ఎన్ని ఉన్నాయో ఆ తల్లులే చెబుతారు.